మొగ దగ్గర మొహమాటం

క్లాసులో ఎవరూ నోరు విప్పనప్పుడు జాస్మిన్ టీచర్ దగ్గర ఒక ఉపాయం ఉండేది. బోర్డు మీద కావాలని తప్పు రాసేది. నీటి ఫార్ములాలో ఒక హైడ్రోజన్‌ని మింగేసి, ఒక ఆక్సిజన్ ఎక్కువ తగిలించి, ఏమీ ఎరగనట్టు పిల్లల వైపు తిరిగేది. అప్పటిదాకా బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చున్న తొమ్మిదో తరగతి మొత్తం "తప్పు టీచర్! తప్పు టీచర్!" అంటూ లేచిపోయేది. సరైనది చెప్పమంటే సిగ్గు గానీ తప్పు దిద్దడానికి సిగ్గేముంది? ఈ ఉపాయం బడి బయట కూడా పనికొస్తుందని ఆవిడకి ఆలస్యంగా తెలిసింది. ఆలోగా పడాల్సిన భంగపాటు పడనే పడింది.

ఆ హైస్కూలు అంతర్వేదికి కాస్త ఇవతల, గోదావరి సముద్రంలో కలిసే మొగకి దగ్గర్లో ఉంది. జాస్మిన్‌ది ఆ చుట్టుపక్కలే నగరం అనే పల్లెటూరు. సఖినేటిపల్లిలో గది తీసుకుని ఉంటూ, ఆదివారం ప్రార్థనకి మాత్రం నగరంలో ఉన్న అమ్మ మార్తమ్మ దగ్గరికి వెళ్ళొచ్చేది. ఆ వేసవిలో అమలాపురంలో సైన్సు టీచర్లకి శిక్షణ పెట్టారు. డిజైన్ థింకింగ్ అని దాని పేరు. చెప్పడానికి వచ్చినాయన హైదరాబాదు మనిషి. వేసుకున్న చొక్కా ఎంత తెల్లగా ఉందో చెప్పిన మాట కూడా అంత శుభ్రంగానే ఉంది. వస్తువు తయారు చేసే ముందు మనుషుల దగ్గరికి వెళ్ళి వాళ్ళకేం కావాలో అడగండి, విన్నదాన్ని బట్టి ఆలోచించండి, చిన్నగా చేసి చూపించండి, పనికిరాకపోతే మొహమాటం లేకుండా మార్చెయ్యండి అన్నాడు. జాస్మిన్‌కి తెగ నచ్చేసింది. అడగ్గానే మనసులో మాట బయటపెట్టే ఊళ్ళు ఎక్కడున్నాయో ఆయనకే తెలియాలి. గోదారి పక్కన మాత్రం లేవు.

బడులు తెరిచాక, రాజోలులో ఫోటో స్టూడియో నడిపే శ్యామ్ బాబు తన పాత డ్రోన్ తెచ్చి ఇచ్చాడు. అతను ఆ బళ్ళోనే చదువుకున్నాడు. ఎన్నో పెళ్ళిళ్ళ మీద ఎగిరి అలిసిపోయిన డ్రోన్ అది. ఒక రెక్కకి ఇంకా పసుపు మరక ఉంది. ఎలా ఎగరెయ్యాలో పిల్లలకి రెండు మూడు సాయంత్రాలు కూర్చుని నేర్పాడు. హెడ్మాస్టారు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి అనుమతి తెచ్చారు.

"ఇది దేనికి పనికొస్తుంది?" అని జాస్మిన్ క్లాసులో అడిగింది.

"బాంబులెయ్యడానికి టీచర్!" అన్నాడు తేజ. ఎందులోనైనా ముందుండే కుర్రాడు వాడు. వేసవంతా టీవీలో వాడు చూసింది అదే.

"పెళ్ళికూతురి మీద పూలు చల్లడానికి," అంది ఇంకో పిల్ల.

"బాంబుల కంటే పూలే నయం. అయితే మన ఊళ్ళో రోజూ పెళ్ళిళ్ళుండవుగా. ఎవరి ప్రాణం మీదకీ రాకుండా, మనవాళ్ళ ప్రాణానికి కాస్త సుఖంగా ఉండే పని ఒకటి చెప్పండి చూద్దాం."

క్లాసులో సగం మంది చేపల వేటకి వెళ్ళేవాళ్ళ పిల్లలే. సముద్రంలో చేపల గుంపు ఎక్కడుందో పైనుంచి చూసి బోట్లకి చెబుదామన్నాడు తేజ. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక బెంచీలో దుర్గాశ్రీ మాత్రం కొట్టలేదు. ఆ పిల్ల ఎప్పుడూ అంతేననుకుని జాస్మిన్ పట్టించుకోలేదు.

ఇక అడగడం మొదలైంది. పుస్తకాల సంచులు బళ్ళో పెట్టి పిల్లలూ టీచరూ జాలర్ల పాలెంలో ఇల్లిల్లూ తిరిగారు. ప్రతి ఇంటి ముందూ కుర్చీలు వేశారు, కాఫీ ఇచ్చారు, వద్దంటున్నా కొబ్బరిబోండాలు కొట్టారు. "డ్రోన్‌తో చేపలు చూపిస్తే మీకు ఉపయోగమాండీ?" అని తేజ అడగడం, "ఎందుక్కాదు బాబూ, బ్రెమ్మాండంగా ఉంటది" అని వాళ్ళనడం. దుర్గాశ్రీ తండ్రి బంగారరాజు అయితే వలలు పక్కన పెట్టి లేచి నిలబడి మరీ చెప్పాడు.

"ఆయ్, చాలా మంచి ఆలోచనండి. మీరింత దూరం నడిచొచ్చి అడిగేరు, అదే మాకు పదివేలండి."

జాస్మిన్‌కి కడుపు నిండిపోయింది. కాఫీలతో సగం, మాటలతో సగం.

ఒక్క దుర్గమ్మ దగ్గరే తేడా వచ్చింది. చేపల గంప నెత్తిన పెట్టుకుని బస్సుకి పోతున్న ముసలావిడ ఆగనైనా ఆగలేదు. "ఆ తూనీగతో నాకేం పని? అడగాల్సింది అడక్కుండా ఊరంతా కాఫీలు తాగుతున్నారు. తప్పుకోండమ్మా, బస్సెళ్ళిపోద్ది," అని విసురుగా వెళ్ళిపోయింది.

"ఆవిడకి ముక్కు మీద కోపం టీచర్. ఊళ్ళో అందర్నీ తిడతది. ఆవిడ మాట వదిలేద్దాం," అన్నాడు తేజ. జాస్మిన్ సరేనంది. నిజం చెప్పాలంటే టీచరుకీ అదే సుఖంగా తోచింది.

ప్రదర్శన రోజు పాలెమంతా రేవులోకి వచ్చింది. డ్రోన్‌కి బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, బంతిపూల దండ కూడా తెచ్చారు గానీ బరువుకి లేవదని పిల్లలు బతిమాలి ఆపారు. డ్రోన్ ఎగిరింది, ఫోన్‌లో సముద్రం కనిపించింది, ఒకచోట నల్లగా ఏదో కదిలింది కూడా. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు. మర్నాడు ఏ బోటూ పిల్లల్ని పిలవలేదు. ఆ వారమూ, ఆ పై వారమూ అంతే. తేజ వెళ్ళి అడిగితే "అయ్యో, మర్చిపోయేం బాబూ, రేపు తప్పకుండా" అనేవాళ్ళు. ఆ రేపు మాత్రం రాలేదు.

జాస్మిన్‌కి దిగులు పట్టుకుంది. తప్పు డ్రోన్‌దా, పిల్లలదా, తనదా అన్నది తేలలేదు. ఆదివారం నగరం వెళ్ళి ఆ దిగులుతోనే అమ్మ పక్కన కూర్చుంది. అంతలో ఇంటి మీద సోలార్ పలకలు పెట్టిస్తామంటూ ఒకతను వచ్చాడు. మార్తమ్మ అతన్ని కూర్చోబెట్టి, పూతరేకులు పెట్టి, చెప్పిందంతా విని, "చాలా బాగుంది బాబూ, అలాగే చేద్దాం, మళ్ళీ కనబడు" అని గుమ్మం దాకా సాగనంపింది. గేటు పడగానే వెనక్కి తిరిగి, "మనకెందుకే అవన్నీ? మేడ మీద వడియాలెక్కడ పెట్టుకుంటాం?" అంది.

"మరి బాగుందన్నావేంటమ్మా!"

"ఇంటికొచ్చిన మనిషిని మొహం మీద కాదంటామా ఏంటి? అడిగినవాడికి అవునని చెప్పడం మర్యాద. అంతమాత్రాన చేస్తామని ఎవరనుకుంటారు?"

జాస్మిన్ పూతరేకు నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయింది. ఆ తర్వాత పగలబడి నవ్వింది. తనూ ఈ మొహమాటంలోనే పుట్టి పెరిగింది. పెళ్ళిళ్ళలో, ప్రార్థన కూటాల్లో ఎన్నిసార్లు ఇలాంటి అవును అనలేదు! అమలాపురంలో నేర్చుకున్న ఒక్క పాఠానికి ఇదంతా మర్చిపోయి, పాలెంవాళ్ళ మర్యాదని అవసరం కింద జమకట్టుకుంది. తన మీద తనకే కోపం వచ్చింది.

సోమవారం సాయంత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని నేరుగా దుర్గమ్మ ఇంటికి వెళ్ళింది. ఈసారి డ్రోన్ ఊసెత్తలేదు. "మామ్మగారండీ, అడగాల్సింది అడగలేదన్నారు కదా. అదేంటో చెప్పండి," అంది.

దుర్గమ్మ కాసేపు ఎగాదిగా చూసింది. కుర్చీ వెయ్యలేదు, కాఫీ ఇవ్వలేదు. "చేపలు కనపడకపోతే మావోళ్ళు ఒట్టి చేతుల్తో ఇంటికొస్తారు. మర్నాడు మళ్ళీ ఎల్తారు. మొగలో ఇసక కనపడకపోతే ఇంటికే రారు. ఏది ముందు చూపించాలో నీకు తెలవదా పంతులమ్మా? నిరుడు పోతురాజు బోటు తిరగబడింది మొగలోనే కదా! చావుతప్పి ఒడ్డున పడ్డాడు. మళ్ళీ ఇంతవరకూ రేవులోకి రాలేదు. ఇంట్లో కూర్చుని వలలు కుడుతున్నాడు."

పోతురాజు అంటే దుర్గాశ్రీ పెదనాన్న. జాస్మిన్ వెనక్కి తిరిగి చూస్తే ఆ పిల్ల తల వంచుకుని నిలబడి ఉంది.

"నువ్వెందుకు చెప్పలేదమ్మా ఇన్నాళ్ళూ?"

"మీరందరూ చేపల గురించే అడిగేరు టీచర్. నన్నెవరూ అడగలేదు," అంది దుర్గాశ్రీ. కాస్త ఆగి, "నాన్నకి కూడా అదే దారండి. బోటు వెళ్ళిన రోజు అమ్మా నేనూ అన్నం తినం. వేటకెళ్ళే మనిషి ముందర మొగ మాట ఎత్తకూడదంటారండి. ఇంట్లో ఎవరూ ఎత్తరు గానీ, అందరికీ అదే భయం," అంది. చెప్పేసి ఏడ్చేసింది.

జాస్మిన్ ఊరంతా తిరిగి అందర్నీ అడిగింది గానీ, రోజూ ఎదురుగా కూర్చునే పిల్లని అడగలేదు. ఆ రోజే నిశ్చయించుకుంది. ఇంకేం చేసినా చెయ్యకపోయినా, బంగారరాజు మొగ దాటే ముందు దారి చూసుకుని దాటేలా చెయ్యాలి.

మొగలో ఇసుక ఒకచోట ఉండదు. వరద వచ్చినప్పుడల్లా జరుగుతుంది. నిన్న లోతున్న చోట ఇవాళ మేట వేస్తుంది. బోటులో నిలబడి చూస్తే అన్నీ నీళ్ళే. పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో చూద్దామని మర్నాడు సముద్రం నీరు వెనక్కి తీసే వేళలో పిల్లలు డ్రోన్ ఎగరేశారు. ఫోటో చూసి తేజ కేక పెట్టాడు. ఇసుక మేట మీద అలలు విరిగి తెల్లటి నురగ కట్టాయి. లోతున్న చోట అల విరగలేదు. ఆ తెలుపు మధ్యలో, తెల్లబట్ట మీద చారలా, ఒక మట్టిరంగు దారి సముద్రం దాకా సాగింది.

ఆ ఫోటో బోటువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. నిమిషాల్లో దండాలూ, పూలూ, చప్పట్లూ వచ్చి పడ్డాయి. బంగారరాజు అందరి కంటే ముందు దండం పెట్టాడు. తేజ గంతులేశాడు గానీ దుర్గాశ్రీ మొహం వాడిపోయే ఉంది.

"నాన్న ఫోన్ చూసేనండి. ఫోటో మసగ్గానే ఉంది. డౌన్‌లోడ్ చెయ్యకుండానే దండం పెట్టేసేడు."

మళ్ళీ మొహమాటమే. ఇప్పుడు ఫోన్‌లోకి కూడా ఎక్కింది. చూడండి బాబూ అని బతిమాలితే ఆయ్ అంటారు, చూడరు. పెద్దవాళ్ళని గదమాయించే హక్కు టీచరుకి లేదు. అంతలోనే పైన వానలు పడి, ధవళేశ్వరం దగ్గర గేట్లు ఎత్తారు. గోదారికి ఎర్రనీరు తగిలింది. బోట్లన్నీ రేవులో కట్టేశారు. వరద తీశాక మొగ ఎలా మారి ఉంటుందో ఎవరికీ తెలియదు. నీళ్ళు తగ్గగానే బోట్లు బయల్దేరతాయని అందరికీ తెలుసు. దుర్గాశ్రీ బడికి వస్తోంది గానీ, పాఠం చెవికెక్కడం లేదని జాస్మిన్‌కి కనిపిస్తూనే ఉంది.

ఒకరోజు క్లాసులో ఎవరూ పలక్కపోతే, అలవాటు కొద్దీ జాస్మిన్ బోర్డు మీద తప్పు రాసింది. "తప్పు టీచర్!" అని అందరూ అరిచారు. దుర్గాశ్రీ కూడా అరిచింది. జాస్మిన్ బోర్డు మీది తప్పునీ, ఆ పిల్లనీ మార్చి మార్చి చూసింది.

"శనివారం బోట్లు వెళ్తాయంటున్నారు కదా," అంది చివరికి. "మీరందరూ పొద్దున్నే రేవులోకి రండి. మనం మొగ బొమ్మ గీద్దాం. తప్పు గీద్దాం."

శనివారం తెల్లవారుతూనే మొగ దగ్గర డ్రోన్ ఎగిరింది. బంగారరాజు డీజిల్ తేవడానికి వెళ్ళిన సమయానికి ఫోటో దుర్గాశ్రీ ఫోన్‌లో ఉంది. తేజ ఒక కర్ర తీసుకుని, అందరూ నడిచే దారికి అడ్డంగా, తడి ఇసుకలో పెద్ద బొమ్మ గీశాడు. ఇటు గోదారి, అటు సముద్రం, ఇక్కడ లైట్‌హౌస్. బోటు వెళ్ళే దారి గీత మాత్రం సరిగ్గా నట్టనడుమ, మేట ఉందని ఊళ్ళో అందరికీ తెలిసిన చోట గీశాడు.

బంగారరాజు డీజిల్ క్యాన్ భుజాన పెట్టుకుని వచ్చాడు. "బాగున్నారాండీ మేడం గారూ," అని పలకరించి బొమ్మ పక్కనుంచి దాటిపోయాడు. రెండడుగులు వేశాడు. ఆగాడు. వెనక్కి వచ్చాడు.

"ఏరా తేజా, ఏంటిది?"

"మొగ మామయ్యా. ఇది బోట్లెళ్ళే దారి."

"దారా! ఎవరు చెప్పేర్రా నీకు? అక్కడ కాదు! అలా ఎల్తే బోటు ఇసక మీద కూర్చుంటది!"

క్యాన్ కింద పెట్టాడు. తేజ చేతిలో కర్ర లాక్కున్నాడు. తప్పుడు గీతని కాలితో చెరిపేసి లైట్‌హౌస్ పక్కగా తన గీత గీశాడు. అటుగా వెళ్తున్న ఇంకొకాయన "అది నిరుటి దారి బావా, ఇప్పుడు ఇంకొంచెం లోపలికి" అని ఇంకో కర్ర తెచ్చాడు. చూస్తూండగానే బొమ్మ చుట్టూ మనుషులు గొంతుక్కూర్చున్నారు. ఒకడు గీయడం, ఇంకొకడు చెరపడం. నువ్వు కాదంటే నువ్వు కాదని గట్టిగా అరుచుకుంటున్నారు. గంప దించి దుర్గమ్మ కూడా నిలబడింది. జన్మలో ఎవరినీ కాదనని మనుషులు అంత హాయిగా కాదంటుంటే జాస్మిన్‌కి చూడముచ్చటగా ఉంది.

"నాన్నా," అంది దుర్గాశ్రీ. "ఇందాకే తీసేం. చూడు."

గొడవ తేల్చుకోవాలన్న పట్టుదలతో బంగారరాజు ఫోన్ లాక్కున్నాడు. అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. తను గీసిన దారి ఉన్న చోట ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లటి నురగే. పక్కాయన గీసిన చోట కూడా అంతే. మట్టిరంగు దారి ఎక్కడో అవతలి గట్టు వైపు, ఎవరూ గీయని చోట ఉంది.

"ఎప్పటిదే ఇది?"

"ఇందాకటిదే. నువ్వు డీజిల్‌కి వెళ్ళినప్పుడు."

బంగారరాజు ఫోన్ పక్కాయనకి ఇచ్చాడు. ఆయన చూసి ఇంకొకరికి ఇచ్చాడు. బంగారరాజు క్యాన్ ఎత్తుకుని బోటు వైపు నడిచాడు. బాగుందండీ అని కూడా అనలేదు. అన్నట్టయితే జాస్మిన్ భయపడేది. అనలేదు గనక కొంచెం ఆశ పుట్టింది.

బోటు కదిలింది. పిల్లలంతా రాళ్ళ గట్టెక్కి చూస్తున్నారు. బోటు ఎప్పటిలాగే లైట్‌హౌస్ వైపు సాగింది. దుర్గాశ్రీ టీచరు చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకి జాస్మిన్ గాజులు గుచ్చుకున్నా చెయ్యి లాక్కోలేదు. ప్రభువా, ఒక్కసారి వెనక్కి తిప్పు, అనుకుంది. బోటు ఇంకా అలాగే పోతోంది. నురగ దగ్గరవుతోంది. అప్పుడు ఇంజను చప్పుడు తగ్గింది. బోటు నీళ్ళలో ఊగుతూ కాసేపు నిలబడింది. తర్వాత మెల్లగా ముక్కు తిప్పుకుని అవతలి గట్టు వైపు నడిచింది. దాని వెనక రెండోదీ, మూడోదీ తిరిగాయి. ఒక్కొక్కటే ఆ మట్టిరంగు నీళ్ళలోంచి సముద్రంలోకి దాటిపోయాయి.

దుర్గాశ్రీ చెయ్యి వదిలి గట్టు మీద చతికిలబడింది. "ఇవాళ ఇంటికెళ్ళి అన్నం తింటాను టీచర్," అంది.

సోమవారం మధ్యాహ్నం క్లాసు జరుగుతూండగా గుమ్మంలో బంగారరాజు నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, మొహం మాత్రం చిటపటలాడుతోంది.

"మేడం గారండీ, ఇలా అయితే కుదరదండి."

"రండి, కూర్చోండి. కాఫీ తెప్పిస్తాను."

"కాఫీ వద్దండి. ముందు ఇది తేల్చండి. ఎండలో ఫోన్ కనపడి చావదండి. ఎల్లేటప్పుడు ఒక్క ఫోటో పెడితే సరిపోద్దాండీ? సాయంత్రం వచ్చేసరికి మొగ వేరేగా ఉంటది. ఇంక తేజాగాడి బొమ్మ, కోడి గీకినట్టుందండి. మా అన్నయ్య గీస్తానంటున్నాడు. రేపు పొద్దున్న రేవులోకి వస్తానన్నాడు."

పోతురాజు రేవులోకి వస్తానన్నాడన్న మాట దుర్గాశ్రీ కూడా అప్పుడే విన్నట్టుంది. బెంచీ మీంచి లేచి నిలబడింది. గోదారి మనిషి కాఫీ వద్దన్నాడు, ఇన్ని వంకలు పెట్టాడు! ఇన్నాళ్ళ చప్పట్లకి కలగని సంతోషం జాస్మిన్‌కి ఆ ఒక్క 'కుదరదండి'తో కలిగింది. ఇప్పుడది టీచరుగారి డ్రోన్ కాదు, వాళ్ళది.

"అయితే ఎలా ఉండాలో మీరే చెప్పండి," అని సుద్దముక్క తీసుకుంది. ఆయన చెబుతున్నట్టే గోదారి గీసింది, సముద్రం గీసింది, లైట్‌హౌస్ పెట్టింది.

"తప్పండీ!" అని బంగారరాజు గట్టిగా అరిచాడు. "లైట్‌హౌస్ అటు కాదండి, ఇటు!"

క్లాసంతా గొల్లుమంది. టీచరు మళ్ళీ కావాలనే తప్పు వేసిందనుకున్నారు పిల్లలు. ఈసారి మాత్రం ఆవిడ నిజంగానే తప్పు వేసింది.